పన్ను లెక్కలు – అంతర్జాల వేదికలు

రాజ్యం నడవాలంటే కోశం నిండాలి; కోశం నిండాలంటే ప్రజలు పన్ను చెల్లించాలి. మన దేశంలో ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టాడు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉండగా, దాని స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా 2025లో కొత్త చట్టం రూపొందింది. చట్టాలు మారినా సామాన్యుని సందేహం మాత్రం ఒక్కటే: “ఈ లెక్క నేను వేయలేను. మరి ఎవరిని నమ్మాలి?”

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. పూర్వం గ్రామాలలో భూమిశిస్తు లెక్కలు కరణం చేతిలో ఉండేవి. చదువురాని రైతు ఆయన చూపిన చోట వేలిముద్ర వేసేవాడు. కాగితంలో ఏమి రాసి ఉన్నదో తెలుసుకొనే మార్గం అతనికి ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది. కరణీకం పోయింది కాని, లెక్క తెలిసినవారికీ తెలియనివారికీ నడుమ ఉన్న అంతరం పోలేదు.

ఆ అంతరాన్ని పూరించడానికి చార్టర్డ్ అకౌంటెంట్లు, న్యాయవాదులు, పన్ను సలహాదారులు ఉన్నారు. చిన్న ఆదాయాల వారికి తోడ్పడేందుకు ప్రభుత్వం 2006లో పట్టభద్రులకు శిక్షణనిచ్చి, రిటర్నులు తయారుచేసేవారిగా నియమించే పథకాన్ని తెచ్చింది. అయితే ఖాతాదారుకు నిపుణుడు దొరకడమెలా? నిపుణునికి ఖాతాదారు దొరకడమెలా? పూర్వం బంధువుల మాట, ఇరుగుపొరుగు సిఫారసు ఇందుకు ఆధారాలు. నేడు ఆ పనిని అంతర్జాల వేదికలు చేపట్టాయి.

వీటి పనితీరు సంతను పోలి ఉంటుంది. ఖాతాదారు తన అవసరాన్ని నమోదు చేస్తాడు. వేదిక ఆ వివరాన్ని కొందరు నిపుణులకు అందజేస్తుంది. వారు తమ రుసుమును తెలుపుతారు. ఖాతాదారు వారిలో ఒకరిని ఎంచుకొని, పని ముగిశాక నక్షత్రాల రూపంలో తన అభిప్రాయం తెలుపుతాడు. కొన్ని వేదికలు పరిచయానికి ఇంత అని, మరికొన్ని వచ్చిన రుసుములో వాటాగా నిపుణుని నుంచి సొమ్ము తీసుకొంటాయి. ప్రకటనలతో ఖాతాదారులను ఆకర్షించడం 1949 నాటి చట్టం ప్రకారం చార్టర్డ్ అకౌంటెంట్లకు వృత్తిదోషం. కనుక ఇటువంటి వేదికలలో చేరే విషయంలో వారు తమ సంస్థ నియమాలకు లోబడవలసి ఉంటుంది.

ఈ ఏర్పాటు వల్ల మేలు లేకపోలేదు. శ్రీకాకుళంలోని చిన్న వ్యాపారి హైదరాబాదు నిపుణుని సేవ పొందగలడు. పలుకుబడి లేని యువ సలహాదారునికి ఉపాధి లభిస్తుంది. రుసుములను పోల్చి చూసుకొనే వీలు కలుగుతుంది.

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. వండిన కూర రుచి తిన్నవెంటనే తెలుస్తుంది. పన్ను లెక్క మంచిచెడ్డలు అలా తెలియవు. ఎక్కువ సొమ్ము వాపసు తెచ్చిపెట్టిన వానికి ఖాతాదారు సంతోషంతో అయిదు నక్షత్రాలిస్తాడు. ఆ వాపసు లేని అద్దెలు, ఇవ్వని విరాళాలు చూపి తెచ్చినదైతే, తాఖీదు వచ్చేసరికి ఏళ్లు గడవవచ్చు. వాపసులో ఇంత శాతమని రుసుము తీసుకొనేవానికి అంకెలు పెంచాలనే ఆశ సహజంగానే కలుగుతుంది. సొమ్ము అందినంతసేపు ఇద్దరిదీ. జరిమానా మాత్రం ఖాతాదారుది.

ఇది ఊహ కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలోని అనేక ప్రాంతాలలో తనిఖీలు చేపట్టింది. కొందరు మధ్యవర్తులు కమీషన్ కోసం బూటకపు మినహాయింపులతో రిటర్నులు దాఖలు చేసినట్లు వెల్లడించింది. కొందరు తాత్కాలిక ఈ-మెయిల్ చిరునామాలతో గుంపగుత్తగా రిటర్నులు పంపి, తరువాత వాటిని విడిచిపెట్టారు. తాఖీదులు ఎవరూ చదవకుండానే మిగిలిపోయాయి. అంతకుముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సవరించుకొని, రూ. 1,045 కోట్ల మేరకు తప్పుడు క్లెయిములను వెనక్కు తీసుకొన్నారు. తప్పుడు వివరాలతో ఆదాయాన్ని తగ్గించి చూపితే, తగ్గిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు.

అమెరికాలో నివసించే తెలుగువారికీ ఈ జాగ్రత్త అవసరమే. అక్కడ రుసుము తీసుకొని రిటర్ను తయారుచేసే ప్రతి వ్యక్తీ గుర్తింపు సంఖ్య పొంది, రిటర్నుపై సంతకం చేయాలి. సంతకం చేయడానికి వెనుకాడేవారిని, వాపసులో శాతం అడిగేవారిని నమ్మవద్దని అక్కడి పన్నుల శాఖ హెచ్చరిస్తుంది.

విద్యార్థులారా! రేపు మీరూ సంపాదనపరులవుతారు. నిపుణుని సహాయం పొందడం తప్పు కాదు. కాని ఆయన అర్హతను విచారించండి. రిటర్నులో మీ సొంత ఫోను సంఖ్య, ఈ-మెయిలు మాత్రమే నమోదు చేయించండి. శాఖ వెబ్‌సైటులో లభించే వార్షిక సమాచార నివేదికతో అంకెలను సరిచూడండి. ప్రతి మినహాయింపుకూ రసీదు ఉన్నదా అని అడగండి. నాటి రైతు వేలిముద్ర వేసింది చదువు రాక. చదువుకొని కూడా చదవకుండా సంతకం చేస్తే, మన చదువుకు అర్థమేమున్నది?

ప్రశ్నలు
1. అంతర్జాల వేదికలు నిపుణులను, ఖాతాదారులను ఎలా కలుపుతాయో వివరించండి.
2. నక్షత్రాల సంఖ్యను బట్టి పన్ను సలహాదారుని ప్రతిభను నిర్ణయించడం ఎందుకు కష్టం?
3. కరణం కాలపు రైతుకూ నేటి ఖాతాదారుకూ గల పోలికను, భేదాన్ని తెల్పండి.