రోగి పడకయొద్ద మెత్తని ముద్ద

పాఠ్యభాగములు: మార్కు 5:35–43, 1 రాజులు 19:1–8



యాయీరు కుమార్తె సంగతి మనమందరము ఎరిగినదే. పండ్రెండేండ్ల చిన్నది మరణపు పడకనుండి లేచి నడిచినది. ఇంటివారు విస్మయముతో నిలిచిపోయిరి. ఆ విస్మయములో వారికెవరికిని తోచని సంగతి ప్రభువునకు తోచెను. బిడ్డ ఆకలిగొని యుండును, ఆమెకు తిండి పెట్టవలెనని ఆయన చెప్పెను. చావును గెలిచిన ప్రభువు ఒక చిన్నదాని ఆకలిని మరువలేదు. రోగికొరకు ప్రార్థించు సంఘము ఆ యింటి పొయ్యివైపు కూడ చూడవలెనని ఈ పాఠము మనకు నేర్పుచున్నది.

1. మేము మరచిన సంగతి

త్రిపురాంతకము చుట్టుపట్ల ఒక పల్లెలో, క్షయకు మందులు వాడుచున్న ఒక సహోదరుని చూడబోతిమి. అది మిరపకాయల కోతల కాలము. ఇంటివారందరు తెల్లవారకమునుపే చేలకు వెళ్లిరి. అతని మంచము ప్రక్కన సంకటి ముద్దయు, ఎర్రని పచ్చడియు మూతపెట్టి యుండెను. మేము వాక్యము చదివి, ప్రార్థించి, లేచి వచ్చితిమి.

మరుసటి వారము అతడు మాత్రలు మానివేసెనని తెలిసినది. నోరు పూసి కారము తగిలిన మండుచున్నది. మాత్ర వేసికొన్న వాంతి వచ్చుచున్నది. పెట్టిన తిండి పెట్టినట్లే యుండిపోవుచున్నది. మేము ప్రార్థించిన వేళ అతడు ఆకలితోనే యుండెను. మేము అడుగలేదు.

సంఘములోని ఒక అవ్వ అడిగెను: “ఏం తిన్నావు నాయనా?” ఆ దినమునుండి ఆమె రెండు పూటల చెంబుతో జావ తెచ్చి, అతడు త్రాగువరకు ప్రక్కన కూర్చుండెను. కొన్ని దినములకు అతడే ఆసుపత్రికి పోయి, తన బాధ చెప్పుకొని, మాత్రలు మరల మొదలుపెట్టెను. ఆ అవ్వ చేసినది మాకు పాఠమాయెను.

2. లంకణము అన్నిటికి మందు కాదు

లంకణము పరమౌషధమని మన పెద్దలు చెప్పుదురు. అజీర్ణము చేసినప్పుడు ఒక పూట మానుట వేరు. దినముల తరబడి రోగిని పస్తుంచుట వేరు. జ్వరము ఒంటిలోని బలమును ఎండుకట్టెలవలె కాల్చును. ఆ సమయమున తిండి ఆపినయెడల రోగముతోపాటు ఆకలియు మనిషిని క్రుంగదీయును.

విరేచనములగు బిడ్డకు నీళ్లు ఆపుట మరింత అపాయము. బిడ్డ ప్రాణము తీయునది పోవుచున్న నీరును ఉప్పునే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమువలన కాందిశీకులు బనగాం శిబిరమునకు వేలుగా వచ్చి కలరాపాలైరి. సూదితో ఎక్కించు మందునీరు చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పును చక్కెరను కలిపిన నీళ్లను నోటితో త్రాగించెను. కన్నవారే గ్లాసులతో త్రాగించిరి. మరణములు ఎంతో తగ్గెను. నేడు ఆశ కార్యకర్తయొద్ద దొరకు ఓఆర్ఎస్ పొట్లము అదే. అది దొరకని వేళ, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో సమముగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపవలెను. కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. చనుబాలు మానరాదు. తిండియు మానరాదు.

3. దేవదూత పెట్టిన రీతి

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పండుకొనెను. దేవదూత అతనిని గద్దింపలేదు. వేడి రొట్టెయు నీళ్లును తలయొద్ద నుంచి లేపెను. అతడు తిని మరల నిద్రించెను. దూత విసుగక రెండవమారు వచ్చి పెట్టెను. రోగికి పెట్టవలసిన రీతి ఇదే: కొంచెము, మరల కొంచెము, విసుగులేకుండ.

మెత్తని తిండి యనగా నీళ్లవంటి తిండి కాదు. వట్టి గంజితేట గొంతు తడుపును గాని బలమియ్యదు. ఒక గ్లాసు బియ్యము, పావు గ్లాసు పెసరపప్పు, ఆరు గ్లాసుల నీళ్లు పోసి, మెదిపిన మెదుగునట్లు ఉడికించి, ఉప్పుతో ఒక చెంచా నెయ్యియో నూనెయో కలిపి పెట్టుడి. రాగిపిండిని చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, మరుగుచున్న నీటిలో పోసి ఉడికించి, చల్లారిన పిమ్మట మజ్జిగ కలుపుడి. ఇడ్లీ, సగ్గుబియ్యపు జావ, ఉడికించిన సొరకాయ, బీరకాయ, అరటిపండు, మెత్తగా ఉడికిన గుడ్డు తేలికగా దిగును. కారము, చింతపులుసు, వేపుళ్లు, ఊరగాయలు కొన్నాళ్లు దూరముగా ఉంచుడి. ఆకలి మరలిన కొలది పప్పు, గుడ్లు పెంచుడి. క్షయరోగికి ఇవి మరి అవసరము.

4. జాగ్రత్తలు

చక్కెర వ్యాధి గలవారికి జావ త్వరగా రక్తములో చక్కెరను పెంచును, కొలత వైద్యునడుగుడి. మూత్రపిండముల జబ్బు గలవారికి అరటిపండు, కొబ్బరినీళ్లు, అధికమైన ఉప్పు కీడు చేయవచ్చును. వారు వైద్యుడు చెప్పినదే తినవలెను. మన ప్రాంతపు బోరునీటిలోని ఫ్లోరైడు కాచినంతమాత్రమున పోదు గనుక శుద్ధిచేసిన నీటితో వండుడి. మలములో రక్తము, గుంటలుపడిన కళ్లు, మూత్రము రాకుండుట, మగతగా పడియుండుట కనబడినయెడల జావతో కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపొండు. మాత్ర వలన వాంతి వచ్చుచున్నయెడల సొంతముగా మానక, దానిని ఎప్పుడు, ఏమి తిని వేసికొనవలెనో అడుగుడి. క్షయకు మందులు వాడువారికి తిండి నిమిత్తము ప్రభుత్వమిచ్చు సాయము 2024 నవంబరునుండి నెలకు 1,000 రూపాయలుగా పెంచబడినది. ఆ సొమ్ము రోగి నోటికే చేరవలెను.

5. సంఘపు వంతు

మన సంఘములు కరువు కాలమును ఎరిగినవి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలియు కూడును కల్పించెను. కూటికొరకు మతములోనికి వచ్చిరన్న మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మములను ఆపెను. ఆ మీదటనే 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కనుక అన్నము ఎర కాదు. రోగి మన సంఘస్థుడైనను కాకున్నను, చెంబు పట్టుకొని ఆ గడప తొక్కుదము.

కోతల దినములలో ప్రతి రోగి యింటికి మధ్యాహ్నము ఎవరు పోవలెనో వంతులు వేసికొనుట మంచిది. ముందు “ఏమి తింటివి?” అని అడుగుదము, పెట్టుదము, పిమ్మట ప్రార్థించుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రభువు చిన్నదానికి తిండి పెట్టుమనుట వలన మనకేమి తెలియుచున్నది?
2. ఏలీయాకు దూత రెండుమారులు ఎందుకు పెట్టవలసివచ్చెను?
3. ఈ వారము మన పల్లెలో పగటివేళ ఒంటరిగా పడియున్న రోగి ఎవరు? ఆ యింటికి జావ ఎవరు తీసికొనిపోవుదురు?