ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే ఇంటిల్లిపాదీ ఏం చేయాలి?



మధుమేహాన్ని మన ఊళ్లలో షుగర్ జబ్బు అంటాము. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని కణాల్లోకి చేర్చేది క్లోమగ్రంథి తయారుచేసే ఇన్సులిన్. అది చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో మా నాయన ఒకరు.

నాయన బేల్దారి పని చేస్తాడు. జబ్బు బయటపడిన కొత్తలో మేము ఆయనకు కాపలా కాశాము. అమ్మ ఆయనకు వేరుగా వండేది. పండగనాడు మేము ఓళిగలు తింటుంటే ఆయన వాకిట్లో కూర్చునేవాడు. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసి "ఏం తిన్నావు నాయనా?" అని పోలీసులా అడిగేవాణ్ణి. దాంతో ఆయన దాచడం నేర్చుకున్నాడు. కళ్లు తిరిగిన సంగతి కూడా చెప్పేవాడు కాదు.

ఒకరోజు పొద్దున మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే పనికి పోయాడు. పది గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డాడు. చూసినవాళ్లు తాగాడనుకున్నారు. తోటి మేస్త్రీ చక్కెర నీళ్లు తాగించబట్టి తేరుకున్నాడు. ఆ తర్వాత మా పద్ధతి మార్చుకున్నాము.

1. వంట ఒక్కటే: అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు పెంచి అందరమూ అదే తింటున్నాము. రాగి సంగటి మంచిదే కానీ, ముద్ద పెద్దదైతే దానితోనూ షుగర్ పెరుగుతుంది. తల్లిదండ్రులకు షుగర్ ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ గనుక ఈ తిండి మనకూ అవసరమే.

2. మాత్ర వేసుకుంటే తిండి తప్పకూడదు: ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ తీసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. 70 కంటే తగ్గితే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది తోటి కూలీలకూ చెప్పి ఉంచాలి. ఇప్పుడు నాయన జేబులో ఎప్పుడూ చక్కెర పొట్లం ఉంటుంది.

3. పాదాలు చూడాలి: నరాలు మొద్దుబారితే మేకు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండే ముదిరి కాలు తీసేదాకా పోవచ్చు. మా చెల్లెలు రోజూ రాత్రి నాయన పాదాలు, వేళ్ల సందులు చూస్తుంది.

4. కాగితాలు చదవాలి: మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. పరీక్షల ఫలితాలు తేదీలతో నోటుబుక్కులో రాస్తున్నాను. మూడు నెలల సగటు తెలిపే పరీక్ష, ఏడాదికోసారి కంటి పరీక్ష మరిచిపోకుండా చేయిస్తున్నాము. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు "పని ఎట్లుంది నాయనా?" అని అడుగుతున్నాను. మొన్న ఆయనే "పెళ్లిలో ఒక లడ్డు తిన్నాను రా" అన్నాడు. నాకు కోపం రాలేదు. దాచకుండా చెప్పాడు, అదే సంతోషం.

తమ్ముళ్లారా! ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల మందుల చీటీ తీసి చదవండి. అర్థం కానిది ఆసుపత్రిలో అడిగి తెలుసుకుని, వాళ్లకు మన మాటల్లో చెప్పండి. మన చదువు మొదట ఇంటికి అక్కరకు రావాలి.