అమ్మకం తర్వాతి బాధ్యత

వస్తువును అమ్మేవాని చేతిలో వస్తువు ఉంటుంది. బట్టల వర్తకుడు తాను విప్పి చూపించగలడు. విత్తనాల వర్తకుడు గింజలను అరచేతిలో పోసి చూపగలడు. జీవిత బీమాను అమ్మే ఏజెంటు వద్ద ఒక కాగితం, ఒక మాట తప్ప మరేమీ ఉండవు. ఎన్నడో జరగబోయే దానికి నేడే డబ్బు కట్టమని అతడు అడుగుతాడు. ఆ మాట నిలిచినదో లేదో తేలడానికి ఇరవై ఏళ్లు పట్టవచ్చు. దురదృష్టం వెన్నాడితే ఇరవై నెలలలోనే తేలిపోవచ్చు. ఇటువంటి మాటను అమ్మే పదిమందికో, ఇరవైమందికో నాయకత్వం వహించడం తేలికైన పని కాదు.

తెలుగువారికి బీమా వ్యాపారం కొత్తది కాదు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో అక్కడే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా నెలకొల్పారు. 1956లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 245 జీవిత బీమా సంస్థలను, సంఘాలను తన అధీనంలోకి తీసుకొని, ఆ ఏడు సెప్టెంబరు 1న భారతీయ జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేసింది. 1999 నాటి చట్టంతో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకొన్నాయి. వీటన్నింటినీ నియంత్రించే ప్రాధికార సంస్థకు కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. 2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రైతుబీమాను ప్రారంభించి, ప్రీమియాన్ని తానే చెల్లించి, మరణించిన రైతు కుటుంబానికి అయిదు లక్షల రూపాయలు అందేలా చేసిన తర్వాత ‘నామినీ’ అనే మాట మారుమూల పల్లెలకు కూడా పరిచయమైంది. అయితే సర్కారు కట్టే ప్రీమియం వేరు, మనిషి తన కష్టార్జితంలో నుంచి ఏటేటా తీసి కట్టే ప్రీమియం వేరు.

ఈ వ్యత్యాసాన్ని గుర్తించడానికి కాటారం వంటి ప్రాంతం మంచి ఉదాహరణ. భూపాలపల్లి నుంచి కాళేశ్వరం వెళ్లే దారిలో కాటారం ఉన్నది. మంథని దారి కూడా ఇక్కడే కలుస్తుంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు కరీంనగర్ జిల్లాలో ఉండిన ఈ మండలం, ఆ తర్వాత భూపాలపల్లి కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరింది. చుట్టూ అడవి; నడుమ పత్తి చేలు, వరి మళ్లు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు. గని కార్మికునికి నెలనెలా జీతం వస్తుంది. పత్తి రైతుకు పంట అమ్ముడుపోయే చలికాలంలో డబ్బు కనిపిస్తుంది. ఎండాకాలంలో అడవికి వెళ్లి తునికాకు సేకరించే కుటుంబానికి ఆకు కట్టలు కల్లానికి చేరిన తర్వాతనే చేతికి పైకం అందుతుంది. ఒకే దారిలో మూడు రకాల రాబడులు, మూడు రకాల కాలాలు.

బీమా కార్యాలయానికి మాత్రం ఒకటే కాలం. అది మార్చి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా లక్ష్యం పూర్తి కావాలి. అందువల్ల ఫిబ్రవరి సగం నుంచి ఏజెంట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక ఏజెంటు మార్చిలో ఒక పత్తి రైతు చేత పాలసీ తీయించాడనుకొందాం. ఏడాది మొత్తం ఒక్కసారి కట్టమంటే రైతు వెనుకాడతాడు కనుక, మూడు నెలలకు ఒకసారి కట్టే పద్ధతిని ఏజెంటు సూచిస్తాడు. వాయిదా చిన్నదిగా కనిపిస్తుంది, రైతు ఒప్పుకొంటాడు. తర్వాతి వాయిదా జూన్‌లో పడుతుంది. అది విత్తనాలు కొనే నెల. ఆ తర్వాతిది సెప్టెంబరులో పడుతుంది. అప్పటికి ఎరువులకు, పురుగుమందులకు అప్పు తెచ్చి ఉంటాడు. గడువు తేదీ దాటిన తర్వాత ఇచ్చే 30 రోజుల అదనపు గడువు కూడా ముగిసిపోతుంది. పాలసీ ఆగిపోతుంది. అదే పాలసీని డిసెంబరులోనో, జనవరిలోనో, పత్తి డబ్బు చేతిలో ఉన్నప్పుడు, ఏడాదికి ఒక వాయిదాగా తీయించి ఉంటే నిలిచేది. ఇందులో రైతు తప్పు లేదు. ఏజెంటు తప్పు కొంత ఉన్నది. ఎక్కువ తప్పు అతనికి లక్ష్యం చెప్పి, కాలం చెప్పని అధికారిది.

కనుక బృంద నాయకుడు ఏడాది మొదట్లో చేయవలసిన పని లక్ష్యాలను పంచడం కాదు. ఏజెంట్లను కూర్చోబెట్టుకొని, ఏ ఊరిలో ఏ వృత్తివారికి ఏ నెలలో డబ్బు వస్తుందో, ఏ నెలలో ఖర్చవుతుందో వ్రాయించాలి. ఆ కాగితం మీద గని కార్మికునికి జీతం నుంచే ప్రీమియం మినహాయించే పద్ధతి, రైతుకు సంవత్సర వాయిదా, తునికాకు కుటుంబానికి ఆకు పైకం అందిన తర్వాతి తేదీ వాటంతట అవే తేలుతాయి. పై అధికారులు మార్చి లెక్కలు అడిగినప్పుడు, డిసెంబరులోనే సగం పని ముగించిన నాయకునికి నదురు బెదురు ఉండదు.

ఈ బృందానికి ఒక విశేషం ఉన్నది. డెవలప్‌మెంట్ ఆఫీసర్ కింద పనిచేసే ఏజెంట్లు జీతగాళ్లు కారు. వారికి వచ్చేది కమిషన్. రేపటి నుంచి రాను అంటే ఆపే అధికారం ఎవరికీ లేదు. ఆజ్ఞాపించడానికి వీలులేని చోట నాయకత్వం వహించవలసిన అధికారికి మిగిలే సాధనాలు రెండే: తాను వెంట నడవడం, తాను నేర్పడం.

కొత్తగా చేరిన ఏజెంటు తొలి పాలసీలను తన బంధువులకే అమ్ముతాడు. మేనమామ, చిన్నమ్మ, బావ, చిన్ననాటి స్నేహితుడు. నాలుగైదు నెలలలో ఆ జాబితా అయిపోతుంది. “సార్, మావోళ్లంతా అయిపోయిన్రు. ఇగ ఎవరి దగ్గరికి పోవాలె?” అని అడిగే రోజు వస్తుంది. చాలామంది ఏజెంట్లు ఆ రోజునే వృత్తిని వదిలివేస్తారు. సమావేశం ఏర్పాటు చేసి ఉత్సాహవాక్యాలు చెప్పినంత మాత్రాన ఆ రోజు గడవదు. అధికారి అతనితో కలిసి పరిచయం లేని ఇంటి గుమ్మం ఎక్కాలి. మొదటి రెండు ఇళ్లలో తాను మాట్లాడాలి, తర్వాతి రెండు ఇళ్లలో తాను మౌనంగా ఉండి అతని చేత మాట్లాడించాలి. రెండవది కష్టం. ఏజెంటు తడబడుతుంటే మధ్యలో కల్పించుకోవాలనే కోరికను అణచుకోలేని అధికారులే ఎక్కువ. అలా కల్పించుకొన్న ప్రతిసారీ ఏజెంటు ప్రేక్షకుడవుతాడు. తప్పు దొర్లితే తిరుగు ప్రయాణంలో, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలి. ఇంటివారి ముందు కాదు.

అన్నింటికంటె కఠినమైన పరీక్ష ప్రతిపాదన పత్రం దగ్గర ఎదురవుతుంది. అందులో ఆరోగ్యాన్ని గురించిన ప్రశ్నలుంటాయి. చక్కెర వ్యాధి ఉన్నదని వ్రాస్తే వైద్య పరీక్షలు అడుగుతారు, ఆలస్యమవుతుంది, ప్రీమియం పెరగవచ్చు. “లేదు” అని వ్రాస్తే పని సులువవుతుంది. చట్టంలోని 45వ సెక్షను ప్రకారం పాలసీకి మూడేళ్లు నిండిన తర్వాత దానిని ప్రశ్నించే వీలు సంస్థకు ఉండదు. ఆ లోపల మరణం సంభవిస్తే మాత్రం దాచిన విషయం బయటికి వస్తుంది, క్లెయిము తిరస్కరణకు గురి కావచ్చు. ఏజెంటు కలం చేసిన అబద్ధానికి ఆ ఇంటి ఇల్లాలు మూల్యం చెల్లిస్తుంది. నాయకుడు ప్రతి పత్రాన్నీ చదవలేకపోవచ్చు. వారానికి రెండు పత్రాలను ఎంచి, ఆ ఇంటికే వెళ్లి, ప్రశ్నలను మళ్లీ అడిగితే చాలు. ఈ అలవాటు ఉన్నదని తెలిసిన బృందంలో కలం జాగ్రత్తగా కదులుతుంది.

మరొక జాడ్యం కమిషన్‌లో వాటా ఇవ్వడం. మొదటి ప్రీమియంలో కొంత తానే భరిస్తానని ఏజెంటు చెబుతాడు. 41వ సెక్షను దీనిని నిషేధించింది. 2015 నాటి సవరణతో జరిమానా పది లక్షల రూపాయల వరకు పెరిగింది. చట్టం సంగతి అటుంచినా, సగం ధరకు కొన్నవాడు మరుసటి ఏడాది పూర్తి ధర కట్టడానికి ఇష్టపడడు. మార్చి ఆఖరి వారంలో “ఎట్లనో సర్దుకో” అని అధికారి అన్న ఒక్క మాట చాలు, ఈ జాడ్యం బృందమంతటికీ పాకడానికి.

లెక్క చూసే తీరు మారకపోతే ఈ జాగ్రత్తలేవీ నిలవవు. ఒక ఏజెంటు ఏడాదిలో 30 పాలసీలు చేశాడనుకొందాం. మరుసటి ఏడాది వాటిలో 12 మాత్రమే నిలిచాయి. ఇంకొక ఏజెంటు 18 చేసింది, 16 నిలిచాయి. కార్యాలయం గోడ మీది పట్టికలో మొదటివాని పేరే పైన ఉంటుంది, శాలువా అతనికే కప్పుతారు. బీమా రంగంలో 13వ నెల, 25వ నెల, అలా 61వ నెల వరకు నిలిచిన పాలసీల శాతాన్ని లెక్కించే పద్ధతి ఉన్నది. ఆ అంకెను వార్షిక నివేదికకు వదిలివేయక, నాయకుడు సోమవారం సమావేశంలో దానితోనే మాటలు ప్రారంభించాలి. “ఈ వారం ఎన్ని చేశారు?” అనే ప్రశ్నకు ముందు “ఈ నెల వాయిదా ఎవరెవరు కట్టలేదు, వారి ఇంటికి ఎవరు వెళ్లారు?” అని అడగాలి. ఆగిపోయిన పాలసీని అయిదేళ్ల లోపల పునరుద్ధరించుకొనే వీలున్నది. 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల వల్ల, పొదుపుతో కూడిన పాలసీలలో ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినవారికి కూడా కొంత సొమ్ము దక్కే మార్గం ఏర్పడింది. ఈ సంగతులు ఇంటివారికి చెప్పవలసింది ఏజెంటే. అతనికి చెప్పవలసింది అతని నాయకుడు.

ఇంత చేసినా కొందరు ఏజెంట్లు వెళ్లిపోతారు. ఒకరికి ఉద్యోగం వస్తుంది, మరొకరు ఊరు మారుతారు. వారు చేసిన పాలసీలు దిక్కులేనివవుతాయి. ఈ రంగంలో వాటిని ‘అనాథ పాలసీలు’ అనే పిలుస్తారు. వాయిదా గుర్తు చేసేవారు ఉండరు, నామినీ పేరు మార్చాలంటే ఎవరిని అడగాలో తెలియదు. ఏజెంటు రాజీనామా మాట ఎత్తిన రోజే అధికారి ఆ జాబితాను ముందు పెట్టుకోవాలి. ఏ ఇంటిని ఎవరికి అప్పగించాలో నిర్ణయించి, వెళ్లిపోయే ఏజెంటును, బాధ్యత తీసుకొనే ఏజెంటును కలిపి ఆ ఇళ్లకు పంపాలి. “అక్కా, ఇగ నుంచి ఏ పనున్నా ఈమెకు చెప్పండి” అని పాత ఏజెంటే చెప్పి, కొత్త ఏజెంటు ఫోను నంబరును పాలసీ పత్రం ఉన్న సంచిలో పెట్టించి రావాలి.