నెగెటివులోని దోషములను గుర్తించుట

ఛాయాచిత్రము చెడినప్పుడు మనము తొందరపడి కెమేరాను నిందింతుము. దోషము కెమేరాలో వెలుగు తగిలినప్పుడు కలిగినదో, చీకటిగదిలో డెవలపరు వలన కలిగినదో నెగెటివే చెప్పగలదు. దానిని చదువుట నేర్వవలెను.

మన నగరమునకు ఈ కళ క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గారి ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలపై తీసిన నెగెటివులు వేలకొలది నేటికిని నిలిచియున్నవి. మంచి నెగెటివు విత్తనము వంటిది. అదియున్నచో చిత్రమును ఎన్నిమారులైనను పొందవచ్చును.

కోఠిలోని మా పాఠశాలలో చిరకాలము గంట మ్రోగించిన వృద్ధుడు పని విరమించి స్వగ్రామమునకు పోవునాడు, వసారాలో ఆయనను రెండు ఫిలిములపై చిత్రించితిమి. మరునాడు మొదటి ఫిలిమును డెవలపు చేయగా మిక్కిలి పలుచగా వచ్చినది. ఆయన అప్పటికే వెడలిపోయెను. వెలుగు చాలలేదని కొందరనిరి. అదే నిజమైనచో, అదే వెలుగులో తీసిన రెండవ ఫిలిము మీదను ఆశ లేదు.

నెగెటివును కిటికీ యెదుట పట్టి చూచితిమి. నెగెటివులో వెలుగు నలుపుగను, నీడ తెలుపుగను కనబడునని విద్యార్థు లెరుగుదురు. ఆయన నల్లకోటు ముడుతలు సన్నగా కనబడుచున్నవి. కాని చిక్కని నలుపుగా నుండవలసిన తెల్లతలపాగా బూడిదవర్ణముగా నున్నది. ఫిలిము అంచుల అంకెలును వెలవెలబోయినవి. ఆ అంకెలు కర్మాగారముననే వెలుగుతో ముద్రింపబడును. మన కెమేరాతో వానికి సంబంధము లేదు. కనుక లోపము డెవలపరుదే. సగము ఖాళీ సీసాలో గాలి సోకి అది బలహీనపడినది.

రెండవ ఫిలిమునకు క్రొత్త డెవలపరు కలిపి, 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో, నిర్ణీతకాలము ఉంచితిమి. తలపాగా చిక్కగా వచ్చినది. ఆయన చేతిలోని గంటత్రాడు సైతము స్పష్టమయ్యెను. ప్రింటును తపాలలో ఆయనకు పంపితిమి.

దీనినుండి గ్రహింపదగిన సూత్రములివి:

1. వెలుగు చాలినదా యని నీడలను చూడవలెను. అవి గాజువలె శూన్యముగా నున్నచో వెలుగు చాలలేదు. ఎంత డెవలపు చేసినను లేని వివరము రాదు.

2. డెవలపు చాలినదా యని మిక్కిలి వెలుగుగల భాగములను చూడవలెను. అవి బూడిదవర్ణమైనచో డెవలపు తక్కువ. దీపమునకు పట్టినను వివరము కానరాక దట్టమై, నీడలు మాత్రము పలుచగా నున్నచో ఎక్కువ. మన వేసవిలో నీరు వేడెక్కి ఈ రెండవ దోషము తరచుగా కలుగును.

3. నీడలు సైతము నల్లబడి, అంకెలు సరిగా నున్నచో వెలుగు మితిమీరినది.

4. అంకెలుండి చిత్రములు లేకున్నచో ఫిలిమునకు వెలుగు చేరలేదు. అంకెలును లేకున్నచో డెవలపరు పనిచేయలేదు.

5. పాలవలె మసక యున్నచో హైపో చాలలేదు. మరల హైపోలో ఉంచిన సరిపడును.

అంకెల నలుపు ఫిలిముజాతిని బట్టి మారును గనుక అదే జాతి మంచి నెగెటివుతో పోల్చవలెను.

అభ్యాసమునకు కోఠిలోని పూర్వపు రెసిడెన్సీ భవనమే చాలును. ఆ తెల్లని స్తంభములు డెవలపును, వాని వెనుకటి నీడ వెలుగును పరీక్షించును. కారణ మెరుగక మందు మార్చువాడు రెండవ ఫిలిమును కూడ పోగొట్టుకొనును. ముందు చూడుడు, పిమ్మట దిద్దుడు.