రన్‌వే లేని చోట

విమానాన్ని గాలిలో నిలిపేది ఇంజను మాత్రమేనని చాలామంది భావిస్తారు. నిజానికి విమానం బరువును మోసేవి దాని రెక్కలు. తగినంత వేగం ఉన్నంతవరకు రెక్కలు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. శిక్షణకు విరివిగా వాడే సెస్నా 172 వంటి చిన్న విమానం, ఇంజను ఆగిపోయినా, గాలి స్తిమితంగా ఉన్నప్పుడు 1000 అడుగుల ఎత్తు నుండి సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోగలదు. అందుకు పట్టే సమయం నిమిషంన్నర లోపే. ఆ దూరంలో విమానాశ్రయం లేకపోతే, ఆ వ్యవధిలోనే పైలట్ ఏదో ఒక పొలాన్నో, మైదానాన్నో ఎంచుకొని దిగక తప్పదు.

పైనుండి చదునుగా కనిపించే నేల దగ్గరకు వచ్చేసరికి తన అసలు రూపం చూపుతుంది. గట్లు, కాలువలు, బండరాళ్లు అప్పుడే బయటపడతాయి. మెత్తటి దుక్కిలో ముందు చక్రం దిగబడితే విమానం తలకిందులు కావచ్చు. రహదారి అనువుగా తోచినా, దానిపై వాహనాలు, పక్కన స్తంభాలు ఉంటాయి. విద్యుత్ తీగలు పైలట్ కంటికి సులభంగా ఆనవు. స్తంభాల వరుసను బట్టి తీగలను ఊహించుకోవాలి.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు వేగం. వేగం రెట్టింపైతే విమానంలోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుండి మూడు మీటర్లలో ఆగడానికి ఎంత తాకిడి భరించాలో, 160 కిలోమీటర్ల వేగం నుండి అంతే తాకిడితో ఆగడానికి పన్నెండు మీటర్లు కావాలి. అందుకే ఎదురుగాలిలో దిగడం శ్రేయస్కరం. గాలిలో 90 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, నేలను తాకే వేగం 60 మాత్రమే. అదే గాలి వెనుక నుండి వీస్తే ఆ వేగం 120 అవుతుంది.

విమానం ఎగిరిన కొద్దిసేపటికే ఇంజను ఆగిపోతే, వెనుదిరిగి రన్‌వేను చేరుకోవాలనే ఆశ సహజంగా కలుగుతుంది. కాని మలుపులో ఎత్తు తరిగిపోతుంది. ఆత్రుతతో విమానాన్ని బాగా ఒరగజేసి, ముక్కును పైకెత్తితే రెక్కలు పట్టు కోల్పోతాయి. విమానం నేరుగా నేలకూలుతుంది. 2015 మార్చి 5న ప్రసిద్ధ హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ నడుపుతున్న పాత శిక్షణ విమానం కాలిఫోర్నియాలోని శాంటా మోనికా విమానాశ్రయం నుండి ఎగిరిన కాసేపటికే శక్తిని కోల్పోయింది. తిరిగి రన్‌వేకు చేరడం సాధ్యం కాదని గ్రహించిన ఆయన సమీపంలోని గోల్ఫ్ మైదానం వైపు విమానాన్ని మళ్లించారు. అది ఒక చెట్టు చివరను తాకి మైదానంలో పడింది. ఆయన తీవ్రంగా గాయపడినా ప్రాణాలు దక్కాయి. కార్బురేటర్‌లోని ఒక చిన్న భాగం వదులుకావడమే ఇంజను వైఫల్యానికి కారణమని దర్యాప్తులో తేలింది. భుజపట్టీ అమరిక సరిగా లేకపోవడం గాయాల తీవ్రతను పెంచిందని కూడా వెల్లడైంది.

నేలను చేరినంత మాత్రాన అపాయం తీరదు. ఇంధనం కారి నిప్పు అంటుకోవచ్చు; తలుపు వంగి బిగుసుకుపోవచ్చు. అందువల్ల దిగేముందే ఇంధన ప్రవాహాన్ని నిలిపివేసి, తలుపు గడియ తీసి ఉంచాలని పైలట్లకు నేర్పుతారు. జనసంచారం లేని చోట సహాయం అందడం మరింత కష్టం. 1935 డిసెంబరులో ఫ్రెంచి రచయిత, వైమానికుడు సెంతెగ్జుపెరీ విమానం ఉత్తర ఆఫ్రికా ఎడారిలో కూలింది. ఆయన, ఆయన మెకానిక్ ప్రాణాలతో బయటపడ్డారు గాని, దాహం వారిని మృత్యుముఖం వరకు తీసుకుపోయింది. రోజుల తరబడి ఎడారిలో తిరిగిన తరువాత ఒక బెదూయిన్ వారిని కాపాడాడు.

ఇటువంటి సమయంలో పైలట్‌కు మొదటి శత్రువు అతని మనస్సే. ఆపద వచ్చిందని ఒప్పుకోలేక కొన్ని క్షణాలు, విలువైన యంత్రం పాడవుతుందన్న బెంగతో మరికొన్ని క్షణాలు చేజారుతాయి. అంతలో అందుబాటులో ఉన్న మంచి నేల దాటిపోతుంది. రెక్కలు విరిగినా, చక్రాలు ఊడినా, మనుషులు కూర్చున్న గది నలగకపోతే ఆ దిగడం సఫలమైనట్లే. విరిగిన రెక్కలను మళ్లీ చేయించవచ్చు. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న పెద్దల మాటను ఆకాశంలోనూ మరువరాదు.