ఇంట్లో చేసిన టెలిస్కోప్‌కి స్టార్ టెస్ట్: తప్పు అద్దానిదేనా?

కొత్త ఫోన్ చేతికి రాగానే కెమెరా టెస్ట్ చేస్తాం కదా, సొంతంగా చేసుకున్న టెలిస్కోప్‌కి స్టార్ టెస్ట్ అలాంటిదే. పైసా ఖర్చు లేదు. కానీ రిజల్ట్‌ని తప్పుగా అర్థం చేసుకుంటే, బాగున్న అద్దాన్నే మళ్లీ పాలిష్‌కి దించేసి వారాల పని పాడుచేసుకుంటాం.

ఉదాహరణకి 6 అంగుళాల ఎఫ్/8 న్యూటోనియన్ తీసుకుందాం. ఫోకల్ లెంగ్త్ సుమారు 1200 ఎంఎం, అంటే 6 ఎంఎం ఐపీస్‌తో 200 రెట్లు. ముందుగా టెలిస్కోప్‌ని డాబా మీద ఒక గంట వదిలేయండి. గదికీ బయటికీ టెంపరేచర్ తేడా పోయేదాకా అద్దం తన అసలు ఆకారంలో ఉండదు.

ఏ నక్షత్రం? కదలదు కాబట్టి ధ్రువ నక్షత్రం చూడమని చాలామంది చెప్తారు. హైదరాబాద్ నుంచి అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందికి చూస్తే గాలి మందం ఎక్కువ, బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. వేసవి రాత్రుల్లో స్వాతి దాదాపు నడినెత్తికి వస్తుంది, నా ఓటు దానికే. ట్యూబ్‌ని చేత్తో జరుపుకుంటూ నక్షత్రాన్ని సరిగ్గా మధ్యలో ఉంచాలి.

ఇప్పుడు ఫోకస్‌ని కొంచెం లోపలికి, తర్వాత అంతే బయటికి జరపండి. వలయాలు కనిపిస్తాయి. ఫోన్‌ని ఐపీస్‌కి ఆనించి వీడియో తీస్తే, గాలి నిలకడగా ఉన్న ఫ్రేమ్‌లు ఏరుకుని రెండు వైపులా పోల్చొచ్చు.

వలయాలు ఒక పక్కకి జరిగి ఉంటే అది కాలిమేషన్, స్క్రూలతో పోతుంది. మూడు మూలలుగా కనిపిస్తే అద్దం క్లిప్పులు బిగుతయ్యాయి, వదులు చేయండి. కోడిగుడ్డులా సాగి, ఫోకస్ దాటగానే అడ్డం కాస్తా నిలువైతే ఆస్టిగ్మాటిజం. ఇక్కడే కోడ్‌లో బగ్ వెతికినట్టు ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందు తల పక్కకి వంచండి. సాగిన దిశ కూడా తిరిగితే లోపం మీ కంటిదే! తిరగకపోతే మెయిన్ అద్దాన్ని 90 డిగ్రీలు తిప్పి, కాలిమేషన్ సరిచేసి మళ్లీ చూడండి. దిశ అద్దంతో పాటు మారితేనే అద్దాన్ని అనుమానించాలి, లేదంటే చిన్న అద్దమో, సెల్లో చూడాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా లోపలి వలయాలు ఒకలా, బయటివి ఇంకోలా ఉంటే గోళాకార లోపం. ఈ సైజులో పూర్తి గోళాకార అద్దం కూడా క్వార్టర్ వేవ్ దగ్గర్లోనే పనిచేస్తుంది కాబట్టి, కొద్ది తేడాకి కంగారు అక్కర్లేదు. తేడా మరీ ఎక్కువైతే అద్దం బయటికి తీసి, 1858 నాటి ఫూకో నైఫ్ ఎడ్జ్ టెస్ట్ చేయాలి. అద్దానికి 2400 ఎంఎం దూరంలో సూదిబెజ్జం వెలుగు, పక్కనే బ్లేడు పెడితే చాలు.