కోట పడింది, చెరువు నిలిచింది

ప్రశ్న: పేపర్ తెరిస్తే యుద్ధాలు, ధరలు, వరదలే. చరిత్ర చదివితే ధైర్యం వస్తుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మట్టెవాడ, వరంగల్

జవాబు: కొంతవరకు నిజమే. మట్టెవాడకు దగ్గర్లోనే ఉన్న కోటలో గుడి నేలమట్టమైనా నాలుగు రాతి తోరణాలు నిలబడే ఉన్నాయి. 1323లో ఓరుగల్లు, అంటే ఇప్పటి వరంగల్, ఢిల్లీ సేనల వశమైంది. బందీగా వెళ్తూ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు దారిలోనే కన్నుమూశాడు. ఆనాటి జనానికి అంతా అయిపోయిందనే అనిపించి ఉంటుంది.

పదిహేనేళ్లు తిరక్కుండానే తెలుగు వీరుడు కాపయ నాయకుడు కోటను మళ్లీ గెలిచాడు. అదీ ఎక్కువకాలం నిలవలేదనుకోండి!

నిలిచింది పాకాల చెరువు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంనాటి ఆ చెరువు కట్ట కింద ఇప్పటికీ వరి పండుతోంది. రాజులు మారినా గండ్లు పూడ్చి, తూములు బాగుచేసిన చేతులు ఉన్నాయి. ఈ ఆదివారం పేపర్ మడిచిపెట్టి, ఆ కట్టమీద ఓసారి నడిచి రండి.